కులానికి వేరే సాక్ష్యమా?

ఆంధ్రప్రదేశ్‌లో 2011లో అంధ దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. గొంతు గుర్తుపట్టి ఆమె చెప్పిన సాక్ష్యం చూపున్నవాళ్ల సాక్ష్యానికేమీ తీసిపోదంది. యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. దీన్ని స్వాగతిస్తున్నాం. కానీ కింది రెండు కోర్టులూ రుజువైందన్న అట్రాసిటీ నేరాన్ని కొట్టేసింది. కులం కారణంగా నేరం జరిగిందనడానికి విడిగా సాక్ష్యం లేదట! కులం, స్త్రీత్వం, వైకల్యం ఆమె బతుకులో ముడిపడి ఉంటాయని వివరంగా రాసిందీ ఆ తీర్పే. మరి సాక్ష్యం తూచేటప్పుడు ఆ ముడి విప్పి కులాన్నొక్కదాన్నే చూపమంటే ఎవరు చూపగలరు? నేరస్తుడు నోరు తెరిచి కులం పేరెత్తితేనే కులమా?

2016 జనవరి 26న అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం, బాధితురాలి కులం తెలిసి నేరం చేశాడంటే చాలు. అంతకుముందు జరిగిన ఈ నేరానికి అది అందలేదు. ఇకనైనా ఆ ‘తెలుసు’ అన్న ముక్క మొదటి వాంగ్మూలంలోనే ఎక్కేలా మనం పట్టుబట్టాలి. అప్పీలులో తూచేది రికార్డునే. అందులో లేని కులం పైకోర్టు కంట పడదు.