బంతి ఎక్కడుందో యంత్రానికి తెలీదు

పిన్‌బాల్‌ని మెచ్చుకునేవాళ్ళు మామూలుగా రెండు కారణాలు చెప్తారు. ఒకటి పాతకాలం మీద బెంగ, రెండోది ఆ రంగురంగుల దీపాలూ గంటల మోతా. రెండిటితోనూ నాకు పేచీ ఉంది. తొంభైల్లో ఇక్కడ పెరిగిన నాలాంటివాళ్ళు చాలామందికి పిన్‌బాల్ అంటే విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన ‘స్పేస్ కేడెట్’ మాత్రమే. నాణెం వేసి ఆడే అసలు యంత్రం మా బాల్యంలో లేనే లేదు. లేనిదాని మీద బెంగ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక దీపాలూ చప్పుళ్ళూ అంటారా, ఏ వీడియో గేమ్‌లో లేవు? అయినా సరే, ఉద్యోగం పనిమీద షికాగో వెళ్ళినప్పుడు ఒక బార్‌లో మొదటిసారి అసలు యంత్రం ఆడాక, పక్కనే ఉన్న ప్యాక్‌మాన్ వైపు చూడబుద్ధి కాలేదు. ఎందుకా అని ఆలోచిస్తే నాకు తోచిన జవాబు ఇది: ప్యాక్‌మాన్‌లో ఏం జరుగుతోందో ప్రోగ్రామ్‌కి మొత్తం తెలుసు. పిన్‌బాల్‌లో తెలీదు.

ప్యాక్‌మాన్ 1980 నాటి ఆట. తోరు ఇవాతని నామ్కో కంపెనీలో ఉండగా తయారుచేశాడు. నాలుగు దయ్యాలు వెంటపడుతుంటే గుండె దడదడలాడుతుంది గానీ, వాటి కదలికలన్నీ నియమాల ప్రకారమే. మనం ప్రతిసారీ ఒకేలా కదిలితే అవీ ఒకేలా కదులుతాయి. అందుకే ఆరితేరిన ఆటగాళ్ళు దారులన్నీ కంఠస్థం చేసేశారు. ఇంతకు మించి రాదు అనే స్కోరు కూడా ఒకటుంది: 33,33,360. ఎందుకంటే 256వ లెవెల్‌కి వచ్చేసరికి లెక్క 8 బిట్లలో పట్టదు, తెరలో కుడి సగం చెత్తతో నిండిపోయి ఆట ముందుకు సాగదు. ఆ కచ్చితత్వంలో ఒక అందం ఉంది, కాదనను. కానీ అది తెలిసిన దారిని తప్పులేకుండా నడవడంలో ఉండే అందం.

పిన్‌బాల్ సంగతి వేరు. 80 గ్రాముల ఉక్కు బంతి, ఆరున్నర డిగ్రీల వాలున్న బల్ల. 1992లో వచ్చిన ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’నే తీసుకోండి. ప్యాట్ లాలర్ డిజైన్ చేసిన ఆ యంత్రం 20 వేలకు పైగా అమ్ముడుపోయింది. అందులోనూ కంప్యూటర్ ఉంది, కోడ్ ఉంది. కానీ ఆ కోడ్‌కి బంతి కనపడదు. బంతి ఏదో ఒక స్విచ్‌ని తాకినప్పుడు మాత్రమే దాని ఉనికి తెలుస్తుంది. రెండు స్విచ్‌ల మధ్య అది ఎటు తిరిగిందో తెలీదు. కాసేపు ఏ స్విచ్చీ పలక్కపోతే యంత్రం ‘బాల్ సెర్చ్’ మొదలుపెడుతుంది. బంతి ఎక్కడైనా ఇరుక్కుందేమోనని తన దగ్గరున్న కాయిల్స్ అన్నిటినీ టకటకా కొట్టి చూస్తుంది. చీకట్లో కళ్ళజోడు కోసం మంచమంతా తడుముకునే తాతయ్యలాగా. బల్ల కింద దాచిన అయస్కాంతాలు కూడా బంతిని కుదపగలవే గానీ, ఆ కుదుపుకి అది ఎటు పోతుందో ముందే చెప్పలేవు.

నా ఉద్యోగం మొత్తం దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. ఒకే ఇన్‌పుట్‌కి ఒకే ఫలితం రావాలి. ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టు ఉందంటే ఆ వారమంతా నిద్ర ఉండదు. అలాంటివాడికి పిన్‌బాల్ చిరాకు తెప్పించాలి నిజానికి. తెప్పించకపోవడానికి కారణం, ఇక్కడ ఆ అనిశ్చితితో బేరమాడే వీలు ఉండటం. బంతి పక్కదారి పడుతుంటే యంత్రాన్ని రెండు చేతుల్తో కొంచెం తొయ్యొచ్చు. అది మోసం కాదు, ఆటలో భాగమే. మరీ గట్టిగా తోస్తే మాత్రం లోపల వేలాడే లోలకం చుట్టూ ఉన్న లోహపు వలయానికి తగిలి ‘టిల్ట్’ అవుతుంది. ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, ఆ బంతి పోయినట్టే. హ్యారీ విలియమ్స్ కనిపెట్టిన ఏర్పాటు ఇది. ఎంత తోస్తే చాలో, ఎంత తోస్తే ఎక్కువో ఒక్కో యంత్రానికి ఒక్కోలా ఉంటుంది. అది ఒంటికే తెలియాలి. జాయ్‌స్టిక్‌ని ఎంత గట్టిగా నొక్కినా ప్యాక్‌మాన్ పరిగెత్తడు కదా.

‘అయితే ఇదంతా అదృష్టమేగా’ అనొచ్చు. న్యూయార్క్ నగరం సరిగ్గా ఆ మాటే అంది. 1942లో మేయర్ లా గార్డియా పిన్‌బాల్‌ని జూదమని నిషేధించి యంత్రాల్ని సుత్తులతో పగలగొట్టించాడు. ఆ ఆరోపణ పూర్తిగా నిరాధారం కూడా కాదు. ‘హంప్టీ డంప్టీ’తో ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో. అంతకుముందు బంతిని వదిలాక ఆటగాడి చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. 1976లో రోజర్ షార్ప్ అనే కుర్రాడు నగర సభ్యుల ముందు ఆడి చూపిస్తూ, బంతి ఏ దారిలో వెళ్తుందో ముందే చెప్పి అదే దారిలో పంపాడు. నిషేధం పోయింది. ఆ షాట్‌లో అదృష్టం కూడా కలిసొచ్చిందని తర్వాత ఆయనే చెప్పాడు. నాకు ఆ షాట్ కంటే ఈ మాట ఎక్కువ నచ్చింది. నైపుణ్యం, అదృష్టం ఇక్కడ వేర్వేరు ఖాతాలు కావు.

మనకి తెలిసినదాంతో పోల్చాలంటే అవధానం ఉంది. కంఠస్థం చేసిన పద్యాన్ని తప్పులేకుండా చదవడం వేరు. నిషిద్ధాక్షరి అడ్డుపడుతుంటే, అప్రస్తుత ప్రసంగి మధ్యలో గిల్లుతుంటే అప్పటికప్పుడు పద్యం కట్టడం వేరు. మొదటిది ప్యాక్‌మాన్, రెండోది పిన్‌బాల్.

పిన్‌బాల్‌ని మరీ నెత్తినెక్కించుకోనక్కర్లేదు. అది కూడా నాణేలు మింగడానికే పుట్టింది. రెండు పక్కలా ఉండే ఔట్‌లేన్‌లు ఆ వ్యాపారం కోసమే అంత నోరు తెరుచుకుని ఉంటాయి. రబ్బర్లు అరిగిపోయి, బల్ల మురికిపట్టిన యంత్రం మీద ఆడటం శిక్ష. సాఫ్ట్‌వేర్ ఆటకి ఆ బాధ లేదు. కానీ దానికి ఇంకో బాధ ఉంది. స్పేస్ కేడెట్‌ని 64 బిట్లకి మార్చబోతే బంతి వస్తువుల్లోంచి దూరిపోయేదని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ రేమండ్ చెన్ రాశాడు. అక్కడ బంతి కొన్ని అంకెలు మాత్రమే, గోడ ఇంకొన్ని అంకెలు. అసలు బల్ల మీద గోడ ఉందని బంతికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎక్కడైనా అసలు యంత్రం తగిలితే మొదట స్కోరు వైపు చూడకండి. వస్తున్న బంతిని కంగారుగా కొట్టెయ్యకుండా, ఫ్లిప్పర్ పైకెత్తి పట్టుకుని దాని మొదట్లో ఆపి చూడండి. బంతి నిలుస్తుంది. కొట్టాలా, ఆగాలా, ఎటు కొట్టాలా అని ఆలోచించుకోడానికి బోలెడంత టైముంటుంది. ఆ కాసేపూ బంతి ఎక్కడుందో తెలిసింది మీకొక్కరికే.