ఆ అంకె ఎక్కడిది?

మొన్న మంగళవారం నాలుగు తెలుగు పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. ఎదుటి పక్షం ఇన్ని వేల కోట్లు తినేసిందని ఒక పెద్ద నాయకుడు ముందురోజు సాయంత్రం ప్రెస్‌మీట్‌లో ఆరోపించారు. రెండు పేపర్లు ఆ అంకెను బ్యానర్‌కెక్కించాయి. ఒకటి లోపలి పేజీకి నెట్టింది. నాలుగోది అసలు వేయలేదు. ఏది ఏం చేస్తుందో పేపరు విప్పకముందే మనకు తెలుసు గనక ఆ గొడవ మళ్లీ ఎత్తను. నన్ను బాధపెట్టింది వేరే. వేసిన మూడింటిలో ఒక్కదాంట్లోనూ ఆ అంకె ఎక్కడిదో చెప్పే వాక్యం లేదు. కాగ్ నివేదికలోదా? అసెంబ్లీలో మంత్రి ఇచ్చిన జవాబులోదా? ఆయన సొంత లెక్కా? గంటసేపు లైవ్ ఇచ్చిన చానళ్లలోనూ ఆ ప్రశ్న వినపడలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలుసు. నాయకుల వార్తల్లో నిప్పులు చెరగడాలు, ధ్వజమెత్తడాలు, చురకలంటించడాలు వద్దని, 'అన్నారు' అంటే చాలని ఏళ్లుగా పోరుతున్నాను. నాయకుడి కోపాన్ని విలేకరి తన కలంలోకి ఎక్కించుకోకూడదు. అది ఇప్పటికీ నా నమ్మకమే. కానీ ఈ వారమంతా మెకార్తీ గుర్తొస్తూనే ఉన్నాడు.

1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్నంలో రిపబ్లికన్ మహిళల సభ జరిగింది. అమెరికా విదేశాంగ శాఖలో 205 మంది కమ్యూనిస్టులున్నారని, జాబితా తన చేతిలో ఉందని సెనేటర్ జోసెఫ్ మెకార్తీ చెప్పినట్టు అసోసియేటెడ్ ప్రెస్ వార్త ఇచ్చింది. రెండు రోజులు తిరక్కముందే ఆ 205 కాస్తా 57 అయింది. అదే నెల 20న సెనేట్‌లో 81 అయింది. పేపర్లు ఏ రోజు అంకె ఆ రోజు వేశాయి. ఎవరూ కల్పించలేదు, రంగు పూయలేదు. 'సెనేటర్ అన్నారు' అని, అచ్చం నేను అడిగే పద్ధతిలోనే రాశారు.

మెకార్తీ బలం అక్కడే ఉంది. సాయంత్రం పేపర్ల డెడ్‌లైన్ ముంచుకొచ్చే వేళ చూసి ఆరోపణ వదిలేవాడు. అవతలివాళ్లను అడిగే వ్యవధి ఉండదు. ఆపితే పోటీ పేపరు వేసేస్తుంది. మధ్యాహ్నం ప్రెస్‌మీట్ ఉందని చెప్పడానికి పొద్దున ఒక ప్రెస్‌మీట్ పెట్టేవాడని అమెరికన్ పాత్రికేయుడు రిచర్డ్ రోవీర్ రాశాడు. రెండూ వార్తలే అయ్యేవి! 1950 జూలైలోనే సెనేట్‌లోని టైడింగ్స్ కమిటీ ఆ ఆరోపణలు బూటకమని తేల్చింది. హెడ్డింగులు మాత్రం ఆగలేదు.

1954 మార్చి 9న సీబీఎస్ టీవీలో పాత్రికేయుడు ఎడ్వర్డ్ మర్రో ఆ పద్ధతి మార్చాడు. మెకార్తీ ఫిల్మ్‌లే చూపిస్తూ, ఆ మాటల పక్కన వాస్తవాలు పెట్టాడు. ఆ కార్యక్రమానికి పేపర్లో ప్రకటన ఇవ్వడానికి సంస్థ ఒప్పుకోకపోతే మర్రో, అతని సహచరుడు ఫ్రెడ్ ఫ్రెండ్లీ సొంత డబ్బు పెట్టుకున్నారు. ఏప్రిల్ 6న మెకార్తీకి జవాబు చెప్పుకునే అవకాశమూ ఇచ్చారు.

ఆ తర్వాత సైన్యంతో మెకార్తీ తగాదా మీద విచారణలు వారాల తరబడి టీవీలో లైవ్ వచ్చాయి. లైవ్ అంటే నాకు గిట్టదు. అయినా మెకార్తీని దించింది చాలావరకు ఆ లైవే అని ఒప్పుకోక తప్పదు. ఎందుకంటే అక్కడ అడిగేవాడున్నాడు. మెకార్తీ పక్షం తెచ్చిన ఫోటోలో సైన్య కార్యదర్శి, ఒక సిపాయి ఇద్దరే నిలబడి ఉన్నారు. పక్కనున్న అధికారిని కత్తిరించేసిన సంగతి సైన్యం తరఫు లాయరు జోసెఫ్ వెల్చ్ అసలు ఫోటో చూపించి బయటపెట్టాడు. దేశమంతా చూసింది. డిసెంబరు 2న సెనేట్ 67-22 ఓట్లతో మెకార్తీని అభిశంసించింది. వీలింగ్ సభ నుంచి దాదాపు ఐదేళ్లు. ఈలోపు ఎందరి ఉద్యోగాలు, పరువులు పోయాయో!

కాబట్టి 'అన్నారు' చాలదు. ఆ వెంటనే పేపరు తన సొంత వాక్యం ఒకటి రాయాలి: ఈ లెక్క ఫలానా నివేదికలోది, లేదా, ఆధారం అడిగితే చెప్పలేదు. రిపోర్టర్‌కు వ్యవధి లేకపోతే డెస్క్ రాయాలి. జిల్లా ఎడిషన్ పేజీలు మూసే వేళకూ ఆధారం దొరక్కపోతే అంకెను హెడ్డింగ్‌లో పెట్టకండి. చానల్ మిత్రులు లైవ్ ఇచ్చేముందు ప్రశ్నలు తీసుకుంటారా అని నాయకుణ్ణి అడగాలి. తీసుకోను అంటే రికార్డు చేసుకొచ్చి, సరిచూసి, రాత్రి వార్తల్లో వేయండి.