కథన చికిత్సలో బిడ్డ, సమస్య, కర్తృత్వం: ఒక విమర్శనాత్మక పరిశీలన

మైకేల్ వైట్, డేవిడ్ ఎప్‌స్టన్ 1990లో వెలువరించిన ‘నెరేటివ్ మీన్స్ టు థెరప్యూటిక్ ఎండ్స్’ గ్రంథంలో ఆరేళ్ల బాలుడి ఉదంతం ఒకటి కనిపిస్తుంది. మలవిసర్జనపై అదుపులేని ఆ బాలుడు బట్టలు పాడుచేసుకోవడంతో ఆగక, మలాన్ని గోడలకు పూయడం, అల్మారాల వెనక్కి విసరడం వంటి పనులతో తల్లిదండ్రులను నిస్సహాయులను చేశాడు. వైట్ ఆ బాలుణ్ణి కారణం అడగలేదు. సమస్యకు ‘స్నీకీ పూ’ అని పేరుపెట్టి, అది ఇంట్లో ఒక్కొక్కరినీ ఏం చేసిందో అడిగాడు. తెలుగులో దాన్ని ‘జిత్తులమారి ఆయి’ అనవచ్చు. తల్లికి తన పెంపకం మీదే నమ్మకం సడలింది. తండ్రి సిగ్గుతో బంధుమిత్రులకు దూరమయ్యాడు. సమస్యను వ్యక్తి నుండి వేరుచేసి చూసే ఈ పద్ధతినే బాహ్యీకరణ అంటారు.

కథన చికిత్సను పరిచయం చేసే రచనలు తరచు ఈ పేరుపెట్టడం దగ్గరే ఆగిపోతాయి. నిజానికి ఉదంతానికి ప్రాణం ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది: ఆ జిత్తులమారికి లొంగని సందర్భాలేవి? తల్లికి ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి దిగులుపడే బదులు ఆమె పాటలు పెట్టుకుంది. అంతే. చికిత్సకుడు అంత చిన్న సంఘటనను పట్టుకుని, దానికి అర్థమేమిటో ఆ కుటుంబాన్నే చెప్పమన్నాడు. అర్వింగ్ గాఫ్‌మన్ నుండి స్వీకరించిన పరిభాషలో వైట్ వీటిని ‘యూనిక్ అవుట్‌కమ్స్’ అన్నాడు. ‘విలక్షణ ఫలితాలు’ అనే అనువాదం కంటే ‘కథకు లొంగని ఘటనలు’ అనడం భావానికి దగ్గర. బాలుడితోపాటు ఇల్లంతా తన కథను తిరగరాసుకోవలసి వచ్చిందన్నది ఇందులోని కీలకాంశం.

ఈ పద్ధతి తెలుగులోకి వచ్చినప్పుడు ఏమవుతుంది? ఇంగ్లీషులో కోపం, భయం వంటివి చాలావరకు వ్యక్తికి విశేషణాలుగా నిలుస్తాయి. వాటిని విడదీయడానికి చికిత్సకుడు భాషతో పెనుగులాడాలి. తెలుగు వాక్యం ఆ పనిని ముందే చేసిపెట్టింది. ‘వాడికి కోపం వచ్చింది’, ‘పిల్లకు భయం వేసింది’, ‘దిగులు పట్టుకుంది’, ‘బద్ధకం వదిలింది’ అన్నప్పుడు వ్యక్తి ‘కి, కు’ ప్రత్యయాలతో పక్కకు తప్పుకోగా కోపమో భయమో కర్తృస్థానంలో నిలుస్తుంది. అయితే బడిలోనూ ఇంట్లోనూ పిల్లలపై తీర్పు చెప్పేటప్పుడు ఇదే భాష ‘వాడు మొద్దు’, ‘అది మొండిఘటం’ అనే క్రియారహిత వాక్యాలను ఆశ్రయిస్తుంది. క్రియ లేనందున ఆ వాక్యానికి కాలపరిమితి ఉండదు. బిడ్డ ఎప్పటికీ మొద్దే. కనుక తెలుగు కుటుంబంతో పనిచేసే సలహాదారు పరాయి రూపకాలను దిగుమతి చేసుకోవడానికి ముందు మొదటి రకం వాక్యాన్ని ఆ ఇంట్లో తిరిగి పలికించడం మేలు.

ఇక్కడే ఒక ప్రమాదమూ ఉంది. ‘గాలి సోకింది’, ‘దయ్యం పట్టింది’ అనేవీ బాహ్యీకరణలే. కానీ వాటిలో బిడ్డ చేయగలిగిందేమీ లేదు, విడిపించేవాడు బయటివాడు. వైట్ పద్ధతిలో సమస్య బయట నిలిచినా, దాన్ని ఎదిరించే పని బిడ్డదీ కుటుంబానిదీ. ఈ భేదాన్ని గమనించని అనుసరణ భూతవైద్యానికి ఆధునిక నామధేయం మాత్రమే అవుతుంది.

శరీరాన్ని విస్మరించే ప్రమాదం మరొకటి. పిల్లలలో ఈ సమస్య వెనుక చాలాసార్లు దీర్ఘకాలిక మలబద్ధకం ఉంటుంది; వైద్యపరీక్ష జరగనిదే కథ మొదలుపెట్టకూడదు.

అన్నింటికంటే జటిలమైనది కర్తృత్వ ప్రశ్న. పై ఉదంతాన్ని గ్రంథస్థం చేసింది చికిత్సకులే. సమస్యను జయించిన పిల్లలకు ఇచ్చే ప్రశంసాపత్రాలూ, కుటుంబాలకు ఎప్‌స్టన్ రాసిన ఉత్తరాలూ వారి కలం నుండి వచ్చినవే. వాటిలో బిడ్డ మాటలనే వాడినా, ఏ మాట నిలవాలో ఎంచినవారు పెద్దలు. హెచ్‌ఐవి వల్ల ఆప్తులను కోల్పోయిన ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు పిల్లల కోసం ఎన్‌కజెలో ఎన్‌క్యూబే, డేవిడ్ డెన్‌బరో రూపొందించిన ‘ట్రీ ఆఫ్ లైఫ్’ ఈ చిక్కును కొంత సడలించింది. అక్కడ పిల్లలు తమ చెట్టును తామే గీస్తారు: వేళ్లలో వంశమూ ఊరూ, కాండంలో నేర్పులు, కొమ్మల్లో ఆశలు, ఆకులలో ఆప్తులు. కష్టాల ప్రస్తావన ఆ తర్వాతే. అయినా ఏ భాగానికి ఏ అర్థమో ముందే నిర్ణయమై ఉంటుంది. చెట్టుకు బదులు మరొకటి గీస్తానన్న బిడ్డకు అందులో ఎంత చోటున్నదన్నది ఆ పద్ధతిని అనుసరించేవారు ఎదుర్కోవలసిన ప్రశ్న.