ఊపిరి ముందు, అడుగు వెనక

తలకిందులుగా నిలబడి ఫొటో దిగేవాణ్ణి చూసి చప్పట్లు కొట్టే రోజులివి. మెల్లగా చేతులెత్తి, మెల్లగా దించి, ఆపైన పొలం గట్ల వెంట ఊపిరి తప్పకుండా నడిచేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో ఈ రెండోవాడే మొనగాడు. మా డోర్నకల్‌లో అలాంటి మొనగాడు ఒకరున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఊరంతా మాస్టారు అంటుంది. డెబ్బై దాటినా ఆయన నడుము వంగలేదు, నడకలో తొట్రుపాటు లేదు.

పొద్దు పొడవకముందే వేపచెట్టు కింద ఆయన పని మొదలవుతుంది. చెప్పులు విడిచి తాడాసనంలో నిలబడతారు. మడమ, బొటనవేలి కింది ఎత్తు, చిటికెనవేలి కింది ఎత్తు, ఈ మూడు చోట్లా బరువు సమంగా పడాలి. చేతులు లేవడం చూడాలి మీరు! ముందు ఊపిరి కదులుతుంది, దాని వెనక చేతులు కదులుతాయి. చేతులు పైకి చేరి ఆగాక కూడా ఊపిరి ఇంకాస్త లోపలికి పోతూనే ఉంటుంది. దించేటప్పుడూ అంతే. ఈ ఒక్క కిటుకు ఒంటబట్టడానికే నెలలు పడుతుంది. తర్వాత మోకాళ్లు కాస్త మడిచి ముందుకు వంగుతారు. ఆపైన వృక్షాసనం, అదీ ఒక చెయ్యి వేపమాను మీద ఆన్చి. చెట్టు పట్టుకుంటే ఆసనమే కాదని వెక్కిరించేవాళ్లున్నారు. వయసు మీరిన మోకాలికి ఊత దొరికితేనే కదా మనసు ఊపిరి మీద నిలిచేది! ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్న పతంజలి, ముఖం చిట్లించుకుని నొప్పి భరించమని ఎక్కడా చెప్పలేదు.

ఒళ్లు ఇలా వదులయ్యాకే నడక. మడమ ఆనుతుంది, అరికాలి బయటి అంచు మీదుగా బరువు ముందుకు జారుతుంది, చివర్న బొటనవేలు నేలను వెనక్కి నెడుతుంది. నాలుగు అడుగులకు ఊపిరి లోపలికి, ఆరు అడుగులకు బయటికి. నోరు మూసే ఉండాలి. ఆయాసం వస్తే అడుగు తగ్గించుకోవాలే తప్ప ఊపిరిని ఈడ్వకూడదు. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం నెమ్మదిస్తుంది. పిక్కలు బిగిసి వదిలినప్పుడల్లా కాళ్లలోని రక్తం పైకి చేరుతుంది. మనసు కొడుకు ఉద్యోగం మీదికో బాకీల మీదికో పారిపోతే తిట్టుకోకుండా మళ్లీ అరికాలి దగ్గరికి తెచ్చుకోవడమే. మిరప చేను వాసన తగిలితే దాన్ని పీల్చుకోవాలి. ఎక్కడో పిట్ట కూస్తే విని వదిలేయాలి. గట్టు చివర ఆగి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు నొక్కి పిక్క సాగదీస్తారు. మళ్లీ నడక. షుగర్ ఉన్నవాళ్లను మాత్రం చెప్పులు విడవనివ్వరు. పాదానికి ముల్లు గుచ్చుకున్నా వాళ్లకు తెలియకపోవచ్చు.

ఈ నడక పుట్టుపూర్వోత్తరాలు పెద్దగా తవ్వను. బౌద్ధ భిక్షువులు అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేసేవాళ్లు, దాన్నే చంక్రమణం అన్నారు. నేలకొండపల్లి స్తూపం దగ్గరి భిక్షువులూ మన గట్ల మీద ఇలాగే నడిచి ఉంటారని మాస్టారి నమ్మకం. యోగానికీ నడకకూ ముడేమిటని అడిగేవాళ్లకు మా ఊళ్లో 1939 నాటి కెథెడ్రల్ చూపిస్తాను. గుడి, మసీదు, చర్చి పోకడలు ఒకే కట్టడంలో కలిసిన చోటిది. కలపడం మాకు కొత్త కాదు.

ఇక మహానుభావుల సంగతి. అరుణాచలం చుట్టూ పద్నాలుగు కిలోమీటర్ల ప్రదక్షిణను నిండు గర్భిణి అయిన రాణి నడిచినట్టు నడవాలని రమణ మహర్షి చెప్పేవారంటారు. 1951లో వినోబా భావే యాభై అయిదేళ్ల వయసులో 51 రోజులు తెలంగాణ పల్లెల్లో కాలినడకన తిరిగారు. పోచంపల్లిలో పుట్టిన భూదానం అలా ఊరూరికీ నడిచి వెళ్లింది. కానీ ఆసనాన్నీ నడకనూ ఒకే జీవితంలో నిండుగా పండించినవాడు మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తే. ఈ మాట మీద ఎవరితోనైనా వాదనకు సిద్ధం. మొదట బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర ఆసనాలు నేర్చుకున్నారు. 1960ల నడుమ యోగాచార్యుడు తిరుమలై కృష్ణమాచార్య కొడుకు దేశికాచార్ ఆయనకు గురువయ్యారు. శిష్యుడికి డెబ్బై, గురువుకు ముప్ఫై కూడా నిండలేదు. అయినా గురువు వస్తే శిష్యుడు లేచి నిలబడి ఎదురువెళ్లేవారట! అయ్యంగార్ గొప్పవారే, కాదనను. అయితే మనిషిని ఆసనానికి సరిపెట్టకుండా ఆసనాన్ని మనిషికి సరిపెట్టే దేశికాచార్ బాటే నాకు పూజ్యం. ఊపిరి ముందు కదలాలన్న కిటుకు కూడా ఆ తండ్రీకొడుకులు నేర్పిందే. తొంభై ఏళ్ల వయసులో 1986లో కన్నుమూయడానికి కొన్నేళ్ల ముందు వరకూ కృష్ణమూర్తి రోజూ ఆసనాలు వేశారు. రిషివ్యాలీలో ఉన్నప్పుడు సాయంత్రాలు కొండల నడుమ, చెట్ల మధ్య నడిచారు. ఆయన డైరీలు తిరగేయండి, ప్రతి నడకలోనూ ఆకూ కొండా వెలుగూ కనిపిస్తాయి.

అలాంటి విద్యకు ఈనాడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతికి వాచీ, రోజుకు పదివేల అడుగులు. ఈ పదివేలు ఏ వైద్యుడు తేల్చింది? 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోవడానికి పెట్టిన పేరు అది! దాన్ని మంత్రంలా జపిస్తూ, నూరో అడుగు ఏ నేల మీద పడిందో తెలియకుండా మనవాళ్లు ఉరుకుతున్నారు. ఇంకోపక్క పవర్ యోగా. పదిరోజుల్లో పొట్ట కరుగుతుందని పోస్టర్లు. యోగా దినోత్సవమని జూన్ 21న చాపలు పరిచి, ఫొటోలు దిగి, 22న చాపలు అటకెక్కించడం యోగమా? ఊపిరి ఊసే లేని ఈ గంతులకు యోగం పేరు పెట్టి అమ్మడం, ఆ పేరుకే అవమానం.

అన్నిటికన్నా బాధ, నడిచే నేలే పోతోంది. ఊరూరా డొంక బాటలు చేలల్లో కలిసిపోతున్నాయి. చెరువు కట్ట మీద పచ్చిక తీసేసి సిమెంటు పలకలు పరిచి, దానికి వాకింగ్ ట్రాక్ అని బోర్డు పెడుతున్నారు. ఎత్తుపల్లాలున్న మట్టి మీద చీలమండ ప్రతి అడుగుకూ కొత్తగా సర్దుకుంటుంది, అందుకే మనసు అక్కడ నిలుస్తుంది. చదును పలకల మీద కాలు తన దారిన తాను పోతుంది, మనసు తన దారిన. ఊరి పెద్దలకూ మున్సిపాలిటీ వారికీ చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను. కట్ట మీద ట్రాక్ వేయాల్సి వస్తే వేయండి, కానీ దాని పక్కన రెండు మూరల వెడల్పున మట్టి బాట వదలండి. దాని వెంట వేప, కానుగ మొక్కలు నాటించండి. బడిపిల్లలను వారానికి ఒక్క పొద్దు మాస్టారి లాంటి వాళ్ల వెనక పంపండి. ఆయన ఫీజు అడగరు, వేళకు రమ్మంటారంతే.