చూసినోళ్లు చెప్పాలె

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. గ్లాసు వేడి వేళ్లకు తెలిసింది. ఆ తర్వాత తెలిసింది చెంప కింద తడి గోనెసంచి, దానికి పచ్చి మక్క పొట్టు వాసన. ఎవరో నా చొక్కా పైగుండీ విప్పుతున్నారు. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో నాకు అప్పుడు తెలియదు, ఇప్పటికీ తెలియదు. నాకున్నదంతా నలుగురి నోటి మాట.

పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్న పని కూడా అదే, నలుగురి నోటి మాట పోగుచేయడం. కామారెడ్డిలో ఉంటూ ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట వైపు వార్తలు రాస్తాను. లారీ గుద్దినా, గడ్డివాము కాలినా, బావిలో మనిషి పడ్డా, నేను చేరేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అక్కడ బండి స్టాండు వేసి అడిగే మొదటి మాట ఒకటే: ఎవలు జూసిన్రు? అందరికంటే ముందు తోసుకొచ్చి చెప్పేవాడు చాలాసార్లు చూసి ఉండడు, విని ఉంటాడు. చూసినవాళ్లు కాస్త ఎడంగా చెట్టు కిందో అరుగు మీదో ఉంటారు. వాళ్ల దగ్గరికి మనమే నడవాలి. ఈ పనిలో నాకు వచ్చిన విద్య ఏదైనా ఉంటే ఆ నడకే.

2025 ఆగస్టు 27, 28 తేదీలు కామారెడ్డి జిల్లాలో ఎవరూ మరిచిపోరు. అర్గొండలో ఒక్కరోజులో నలభై సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, భిక్కనూరు వైపు రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. పోచారం ప్రాజెక్టు కట్ట నిలుస్తుందా లేదా అని కింది ఊళ్లన్నీ ఊపిరి బిగబట్టి చూశాయి. నిజాం కాలపు ఆ కట్ట నిలిచింది. ఆ మూడు రాత్రుల్లో నేను పడుకున్నది అంతా కలిపితే ఆరేడు గంటలు ఉంటుందేమో. వాన తెరిపిచ్చాక చాయ్ తాగుదామని కూచున్నాను. నలభై ఆరేళ్ల వయసులో, అంతకుముందు ఒక్కసారి కూడా కళ్లు తిరగని నాకు, అక్కడ మొదటిసారి ఫిట్స్ వచ్చింది.

మధ్యాహ్నానికి దోస్తులు కామారెడ్డిలో డాక్టరు దగ్గరికి చేర్చారు. ఒళ్లంతా కొట్టేసినట్టు నొప్పి, నాలుక పక్కన తెగింది, పంటి ముక్క విరిగింది. డాక్టరు మొదట అడిగింది షుగరు గురించి, జ్వరం గురించి, తలకు దెబ్బ గురించి. తర్వాత, "కల్లు తాగుతరా? ఈ నాలుగు రోజులు వానకు బందయిందా?" అన్నారు.

మా దిక్కు ఈ ప్రశ్న అడగక తప్పదు. కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం కలిపి అమ్మే చోట, తాగేవాళ్ల మెదడు ఆ మందుకు అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా దొరకకపోతే చేతులు వణుకుతాయి, మాట తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్‌తో పాటు పలు జిల్లాల ఆసుపత్రులు ఇలాంటి వాళ్లతో నిండాయి. అప్పుడు ఆ వార్డుల్లో తిరిగి రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో పదుల మంది కల్తీ కల్లుతో మళ్లీ మంచాన పడ్డారు. అలా వచ్చిన ఫిట్స్‌కు కారణం ఎదురుగానే ఉంటుంది. ఆ కారణం తీరితే చాలామందికి ఏళ్ల తరబడి గోళీల పని ఉండదు. అలవాటున్నవాళ్లు మాత్రం సొంతంగా ఒక్కరోజులో మానకూడదు, డాక్టరు చేతి మీదుగా కొద్దికొద్దిగా మానాలి. ఇది ఎన్నిసార్లు రాసినా తక్కువే.

నాకు కల్లు అలవాటు లేదు. డాక్టరు కలం పక్కన పెట్టి, "అయితే ఎవరు చూశారు?" అన్నారు.

నా ప్రశ్న నాకే ఎదురొచ్చింది. వెంట వచ్చిన దోస్తులు నేను పడ్డాక చేరినవాళ్లు. "స్కాన్ రాద్దాం. కానీ పడిపోకముందు ఏమైందో నాకు కావాలి. చూసినవాళ్లను అడిగి రండి" అన్నారాయన. మెదడు లోపలి కరెంటును తల మీద తీగలు పెట్టి గీతలుగా తీయొచ్చని జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లోనే చూపించాడు. ఈఈజీ అంటే అదే. అయినా ఫిట్స్ లేని వేళ తీసిన ఈఈజీ మామూలుగా ఉండొచ్చు. మామూలుగా ఉంది కాబట్టి ఏమీ లేదనడానికి వీల్లేదు. అందుకే ఇప్పటికీ డాక్టర్లు మొదట మనిషి చెప్పే మాట కోసం చూస్తారు.

మూడో రోజు నేనూ మా ఆవిడా బస్సులో ఎల్లారెడ్డి పోయాం. చేతిలో నా రిపోర్టింగు నోటుబుక్కే.

హోటలాయన పావుగంట కొట్టుకున్నానన్నాడు. పక్క బల్ల కుర్రాడు అరగంట అన్నాడు. అబద్ధం కాదు, భయపడ్డవాళ్ల గడియారం అంతే. బస్సు కండక్టరు ఒక్కడే సరిగ్గా చెప్పాడు. ఆయన బండి ఎనిమిదింబావుకు తీయాలి, చేతి గడియారం చూస్తూ దిగుతుండగా నేను పడ్డానట. ఒళ్లు వదిలేసరికి ఎనిమిదీ పద్దెనిమిది. మూడు నిమిషాలు. ఈ లెక్క చిన్నది కాదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా మెలకువ రాకముందే మళ్లీ మొదలైతే, ఇక ఆగి చూడకూడదు, 108 పిలవాలి.

ఒక పెద్దాయన నా పిడికిట్లో తాళంచెవుల గుత్తి పెట్టాడట. "ఇనుము వట్టంగనే ఆగింది సారూ" అని నమ్మకంగా చెప్పాడు. ఆ నమ్మకం ఇన్ని తరాలుగా ఎందుకు పోవడం లేదో అప్పుడు నాకు అర్థమైంది. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. ఆ లోపల తాళంచెవి పెట్టినా, చెప్పు వాసన చూపించినా, ఉల్లిగడ్డ చితకగొట్టి ముక్కు దగ్గర పెట్టినా, చివరగా చేసిన పని వల్లే ఆగినట్టు కనబడుతుంది. పెద్దాయన చూసింది నిజమే, చెప్పుకున్న కారణం వేరు. నాలుక మింగేస్తానని భయపడి చెంచా కాడ పళ్ల మధ్య దూర్చిన కుర్రాడు తలొంచుకుని నిలబడ్డాడు. భుజం తట్టాను. నాలుకను ఎవరూ మింగలేరు, నోట్లో పెట్టిన వస్తువే పన్ను విరగ్గొడుతుంది. ఆ సంగతి ఆ పిల్లవాడికి ఇంతవరకు ఎవరు చెప్పారు గనుక?

"మరి గోనెసంచి ఎవరిది?" అని మా ఆవిడ అడిగింది. నాకు తట్టని ప్రశ్న అది.

హోటల్ పక్కన బొగ్గుల మీద మక్క కంకులు కాల్చే ఒక అక్కది. ఆమె మా దగ్గరికి రాలేదు, మేమే పోయాం. కంకి తిప్పుతూనే చెప్పింది: "నువ్వు వడకముందే నేను జూసిన సారూ. ఎడమచెయ్యి బొటనేలు ఎగరవట్టింది. గ్లాసు కుడిచేతులున్నది, గది కదలలే. బొటనేలెంక చెయ్యి, చెయ్యెంక మూతి గుంజింది గా దిక్కే. మెడ గూడ గా దిక్కే తిరిగింది. గప్పుడు వడ్డవు. నేనే పక్కకు మల్పి సంచి వెట్టిన." మా ఆవిడ ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది.

డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివి, తలకు కుడివైపు తన వేలు పెట్టుకుని చూపించారు. "మొదలైంది ఇక్కడ." ఎడమచేతిని ఆడించేది మెదడు కుడి సగం. అందులో బొటనవేలికి, మూతికి దక్కిన చోటు వాటి సైజుకు మించి చాలా పెద్దది. అందుకే ఇలాంటి ఫిట్స్ తరచూ అక్కడ మొదలై పక్కకు పాకుతుంది. స్కాన్ అన్న మాటే లేని పందొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే డాక్టరు ఈ పాకడాన్ని పేషెంట్ల మంచాల పక్కన కూచుని చూసి, మెదడులో ఒక్కో అవయవానికి ఒక్కో చోటు ఉండాలని ఊహించాడు. ఆయన భార్యకూ ఇలాంటి ఫిట్సే వచ్చేవంటారు. 1870లో జర్మనీలో ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్క మెదడు మీద కరెంటు పెట్టి చూస్తే అది నిజమని తేలింది. చూడడం, చూసింది చూసినట్టు రాయడంలోంచే ఒక శాస్త్రం పుట్టింది. మా ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర కంకులు కాల్చే అక్క చేసింది సరిగ్గా అదే పని.

ఎంఆర్ఐలో కుడివైపే చిన్న ఉంగరం లాంటి మచ్చ కనబడింది. ఒక పురుగు గుడ్డు కడుపులోకి పోయి, పిల్లై, నెత్తురు వెంట మెదడు చేరి అక్కడ బుడ్డలా ముడుచుకుంది. మన దేశంలో ఇలా మొదలయ్యే ఫిట్స్ చాలా ఎక్కువ. పంది మాంసంతో వచ్చే పురుగు కదా, అది ముట్టని ఇంట్లో ఇదెలాగని అమ్మ కలత పడింది. కడుపులో ఆ బద్దెపురుగు ఉన్న మనిషి చేతులు సరిగ్గా కడుక్కోకపోతే, ఆ చేతుల మీదుగానో, కడగని కూరగాయల మీదుగానో, నీళ్లలోనో గుడ్డు ఎవరి నోట్లోకైనా చేరుతుంది. న్యూయార్క్‌లో పంది మాంసాన్ని మతం ఒప్పని యూదుల ఇళ్లలో ఇలాంటి కేసులు బయటపడ్డాయని 1992లో వైద్య పత్రికలో వచ్చింది. అమ్మకు ఇది చెప్పాక కొంత కుదుటపడింది. అల్బెండజోల్, స్టెరాయిడ్ కొన్నాళ్లు వాడాను. ఫిట్స్ గోళీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నడుస్తూనే ఉంది.

ఆ తర్వాతి బతుకే కష్టం. బండి నడపొద్దన్నారు. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో మూర్ఛ గానీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ ఉందా అన్న ప్రశ్నకు ఒకప్పుడు చూడకుండానే 'లేదు' అని టిక్కు పెట్టాను. ఇప్పుడు బండి తాళంచెవి మా ఆవిడ దగ్గర ఉంది. ఊళ్ల వార్త బస్సు వేళల మీద నడుస్తోంది. స్నానాల గది లోపలి గొళ్లెం పీకేశాం. బావి గట్టు, డాబా అంచు, పొయ్యి ముందు ఒంటరిగా నిలబడడం అన్నీ మానేశాను. అన్నిటికన్నా బరువైంది నమ్మకం పోవడం. చెయ్యి తిమ్మిరెక్కినా, గ్లాసు జారినా గుండె ఆగినంత పనవుతుంది. గోళీ మొదలుపెట్టిన కొత్తలో కోపం ఎక్కువైందని నాకు తెలియదు. మా ఆవిడ రాసి పెట్టిన నోటుబుక్కులో ఉంది: "మంగళవారం. పొల్ల మీద ఒర్రిండు. కారణం లేదు." అది చూసే డాక్టరు మోతాదు మార్చారు.

అది వంద పేజీల పొడుగు నోటుబుక్కు. తేదీ, నిద్ర ఎన్ని గంటలు, గోళీ వేళకు పడిందా, ఏం కనబడింది. ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి ఆమె. దసరా తెల్లవారుజామున రెండో ఫిట్స్ వచ్చింది. ముందురోజు రాత్రి గోళీ మరిచిపోయాను, ఒంటిగంట దాకా మేలుకుని ఉన్నాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. పక్కకు మల్పింది, లైటు వేసి గోడ గడియారం చూసింది. "4.40. ఎడమ బొటనేలు. మూతి ఎడమకు. రెండు నిమిషాల కన్న కొంచెం ఎక్కువ. పావుగంట దాక నన్ను గుర్తువట్టలే. అవ్వా అని పిలిచిండు." ఆ చివరి మాట డాక్టరుకు అక్కర్లేదు. అయినా రాసింది. బండి ఎక్కడానికి ఫిట్స్ రాని రోజుల లెక్క మళ్లీ మొదటికొచ్చింది గానీ, ఆ పేజీ చదివాక ఒంటరితనం కొంత తగ్గింది. నేను లేని నిమిషాల్లో కూడా నా పక్కన మనిషి కళ్లు తెరుచుకుని ఉంది.

"ఎవలకు చెప్పకు బిడ్డా, పొల్ల పెండ్లికున్నది" అని అమ్మ మొదటి రోజు నుంచి అంటోంది. ఆమె భయం గాల్లోంచి పుట్టలేదు. పెళ్లి చట్టంలోనే పదే పదే మూర్ఛ వచ్చేవాళ్లు పెళ్లికి తగరని 1976లో చేర్చారు, 1999లో గానీ తీసేయలేదు. చట్టం పుస్తకంలోంచి మాట పోయింది, సంబంధాలు చూసేవాళ్ల నోట్లోంచి పోలేదు. అందుకే ఈ కాలమ్ రాసేముందు ఇద్దరినీ అడిగాను. "రాయి బాపూ, అందరికి ఒక్కపారే చెప్పినట్టయితది" అంది బిడ్డ. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "నోట్లె చెంచా వెట్టద్దని గూడ రాయి."

కిందటి వారం మళ్లీ కంకుల అక్క దగ్గరికి పోయాను. ఆమె చెప్పిన మాటే నా రోగం జాడ చూపించిందని చెప్పాను. కంకి మీద ఉప్పూ కారం రుద్దుతూ విన్నది. గ్లాసు మీద కాకుండా నా బొటనవేలి మీద చూపెందుకు పడిందని అడిగాను.

"మా పోరనికి అస్తది సారూ. పదకొండేండ్ల సంది. మేకల ఎంబడి తోలుత లేను, ఇంట్లనే ఉంచుతున్న."

"డాక్టరుకు చూపియ్యలేదా?"

"రెండుపార్లు తోల్కపోయిన. పోరన్ని అడిగిన్రు, నీకెట్లయితదని. వానికేం ఎరుక? నన్నెవలు అడగలే."

జేబులోంచి నోటుబుక్కు తీశాను. కొత్త పేజీ తిప్పి తేదీ వేశాను. ఆమె విసనకర్ర పక్కన పెట్టింది, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మొదలు కుడికన్ను కొట్టుకుంటది సారూ," అంది. "గప్పుడు వాడు గోడ దిక్కు జూసి నవ్వుతడు..."