అరగదీస్తే తేలే బొమ్మ

పచ్చి మామిడికాయ తొడిమ తుంచితే చిమ్మే సొన చెంప మీద పడిందంటే ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. నల్లజీడి గింజ రసం ఇంకా ఘాటు. చాకలి దానితో బట్ట మీద గుర్తు పెడితే ఎన్ని ఉతుకులకూ పోదు, ఒంటికి తగిలితే పొక్కిపోతుంది. అదే కుటుంబానికి చెందిన చెట్టొకటి ఉత్తర వియత్నాంలోని ఫూ థో ప్రాంతపు గుట్టల మీద పెరుగుతుంది. దాని పాలను అక్కడివాళ్ళు 'సన్' అంటారు. మన సొనకూ ఆ మాటకూ సంబంధం లేదు, చెవికి అలా వినిపిస్తుందంతే. చెట్లకు మాత్రం చుట్టరికం నిజం. ఒళ్ళు పొక్కించే ఆ పాలతోనే వియత్నాం చిత్రకారులు గత శతాబ్దంలో తమదైన ఆధునిక చిత్రకళను నిలబెట్టుకున్నారు. దాని పేరు 'సన్ మాయ్'. మాయ్ అంటే అరగదీయడం.

దీన్ని లక్క చిత్రం అనేస్తే మనకు వెంటనే ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి. ఆ లక్క పురుగు పెట్టేది. తిరిగే కొయ్యకు అదిమితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఇది చెట్టు పాలు. ఒకసారి గట్టిపడితే ఏ వేడికీ మళ్ళీ కరగదు. పైగా ఆరడానికి దీనికి ఎండ పనికిరాదు, తేమ కావాలి. ముసురు పట్టిన రోజుల్లో, తడిగా మూసి ఉంచిన గదిలో చక్కగా బిగుసుకుంటుంది. పొడిగాలి వీస్తే రోజుల తరబడి జిగురుగానే ఉండిపోతుంది. తైలవర్ణాలకు అలవాటుపడ్డ యూరప్ చేతికి ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం.

తెల్లవారకముందే చెట్టు బెరడుకు గాటు పెట్టి, కింద ఆల్చిప్ప గుచ్చి పాలు పడతారు. నెలల తరబడి కదపకుండా ఉంచితే అవి తేటా మడ్డీగా విడిపోతాయి. పైన తేలిన మేలిరకాన్ని గంటలకొద్దీ కలుపుతారు. ఇనుప పాత్రలో ఇనుప కడ్డీతో కలిపితే ఇనుము పట్టి నిగనిగలాడే నలుపు వస్తుంది. మట్టిపాత్రలో కర్రతో కలిపితే తేనెలా పారదర్శకమైన గోధుమరంగు మిగులుతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు బొద్దింక రెక్క రంగు. ఒకే పాలు, కలిపే కడ్డీని బట్టి రెండు రంగులు!

ఈ నలుపూ గోధుమా, ఇంగిలీకపు ఎరుపూ, బంగారు వెండి రేకులూ వియత్నాం గుళ్ళలో శతాబ్దాలుగా ఉన్నవే. బుద్ధ విగ్రహాలకు, పూజాపీఠాలకు, స్తంభాలకు అవే పూత. అది అలంకారం, రక్షణ. దాన్ని చిత్రం అని ఎవరూ అనుకోలేదు.

1925లో ఫ్రెంచి చిత్రకారుడు విక్టర్ తార్డ్యూ, వియత్నాం చిత్రకారుడు నామ్ సన్‌తో కలిసి హనోయ్‌లో ఇండోచైనా లలితకళల పాఠశాల తెరిచాడు. వలసపాలన పెట్టిన బడి అది. పారిస్ పద్ధతిలో శరీర నిర్మాణం, దూరదగ్గరలు చూపే చిత్రణ, తైలవర్ణం నేర్పారు. ఆ బడి పిల్లలు చైనా నుంచి వచ్చిన పట్టుచిత్రాన్నీ తమ దారికి తిప్పుకున్నారు. పల్లె ఆడపిల్లలు నేల మీద కూచుని, అచ్చం మన వామనగుంటల్లాంటి ఆట ఆడుతుండగా న్గుయెన్ ఫాన్ చాన్ పట్టుబట్ట మీద వేసిన చిత్రం 1931లో పారిస్ వాళ్ళు చూశారు. అయితే అసలు మలుపు బడి లోపలి పూతపని గదిలో వచ్చింది. అక్కడ బోధించిన జోసెఫ్ అంగంబెర్తీకి హనోయ్ సాహిత్య దేవాలయంలోని పాత పూత చెక్కడాల మీద మక్కువ. ఆయన ప్రోత్సాహంతో విద్యార్థులు దిన్ వాన్ థాన్ అనే పనివాడి పక్కన కూచుని ఈ పాలతో పని నేర్చుకున్నారు. అందులో పైన్ చెట్టు బంక కలిపితే ఆరిన పొరను అరగదీయవచ్చని తేలింది. వినడానికి చిన్న సంగతే గానీ, దానితో పూత కాస్తా చిత్రమైంది. నా దృష్టిలో ఆ కళకు పుట్టుక ఫ్రెంచి పాఠంలో లేదు, ఆ పనివాడి గిన్నెలో ఉంది.

ఎలాగో దగ్గరగా చూద్దాం. చెక్కకు గుడ్డ అతికించి, పాలలో రంపపు పొట్టు, మెత్తటి మట్టి కలిపి రెండు పక్కలా మెత్తుతారు. ఒక్కో పొరా ఆరాక నున్నగా రుద్దుతారు. దాని మీద నలుపు. ఇప్పుడు బొమ్మలో తెల్లచీర కట్టిన మనిషి కావాలనుకోండి. ఈ పాలు స్వతహాగా గోధుమరంగు కాబట్టి ఏ తెల్లరంగు కలిపినా మాసిపోతుంది. అందుకని బాతుగుడ్డు పెంకు తెచ్చి, లోపలి పొర ఒలిచి, తడి పూత మీద అదిమి చిట్లగొడతారు. బీటలు దగ్గరగా ఉంటే నీడ, దూరంగా ఉంటే వెలుగు. పక్కన వెండిరేకు అతికి దాని మీద గోధుమ పూత వేస్తే, అడుగున వెండి బంగారంలా మెరుస్తుంది. ఆపైన ఎరుపు, మళ్ళీ గోధుమ, మళ్ళీ నలుపు. చివరికొచ్చేసరికి బొమ్మ మొత్తం చీకటిలో మునిగిపోతుంది. వేసినవాడికి తప్ప లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

అప్పుడు నీళ్ళు చల్లి, బొగ్గుతో రుద్దడం మొదలుపెడతాడు. ముందు ఎక్కడో ఒక ఎరుపు మచ్చ. తర్వాత గుడ్డుపెంకు అంచు. ఒక్క చెయ్యి ఎక్కువ పడితే బంగారం లేచిపోయి అడుగు నలుపు బయటపడుతుంది, తక్కువైతే ముఖం మసకగానే ఉండిపోతుంది. కుంచె పట్టినప్పుడు అనుకున్నది ఒకటైతే, అరిగాక తేలేది మరొకటి. దాన్ని ఒప్పుకుని ఎక్కడ ఆపాలో తెలియడమే ఇక్కడ ప్రతిభ. చివర బొగ్గుపొడి అద్ది అరచేత్తో మెరుగుపెడతారు.

త్రాన్ వాన్ కాన్ 1958లో ఈ పద్ధతిలో పొలానికి నీళ్ళు తోడే పల్లెజనాన్ని వేశాడు. తాళ్ళు కట్టిన బుట్టతో ఇద్దరిద్దరు చెరువు నీటిని మడిలోకి విసరడం మనవైపు గూడ వేయడమే. ముందుకు వంగడం, వెనక్కి వాలడం, ఆ ఊపు మొత్తం ఎరుపు బంగారు రంగుల్లో నాట్యంలా సాగుతుంది. గుడి పీఠాల మీది రంగులు కూలిజనం ఒంటి మీదికి వచ్చాయి. న్గుయెన్ సాంగ్ 1963లో, ఫ్రెంచి సేనతో పోరు జరిగిన డియన్ బియన్ ఫూ కందకంలో గాయపడ్డ సైనికుణ్ణి కమ్యూనిస్టు పార్టీలో చేర్చుకునే ఘట్టాన్ని వేస్తే, ఆ బొద్దింక రెక్క రంగే కందకం మట్టి అయింది. యుద్ధాన్ని ఇంత మెరిసే మాధ్యమంలో ఇంత బరువుగా చెప్పవచ్చని ఆ చిత్రం చూస్తేనే నమ్ముతాం.

ఈ కళలో అందరికన్నా లోతుకు దిగినవాడు న్గుయెన్ జా త్రీ (1908–1993). ఉత్తర, మధ్య, దక్షిణ వియత్నాం స్త్రీలు ఒకే వసంత వనంలో కలిసే ఆయన పెద్ద చిత్రం తొమ్మిది పలకలు, వెడల్పు 5.4 మీటర్లు. 1969లో మొదలుపెట్టి 1989లో ముగించాడు. దేశం రెండుగా ఉన్నప్పుడు మూడు ప్రాంతాలనూ ఒక తోటలో కూర్చడానికి పూనుకుని, అది ఒక్కటయ్యాక కూడా ఏళ్ళ తరబడి పొరలు వేస్తూ రుద్దుతూ ఉన్నాడు. 2013లో ప్రభుత్వం దాన్ని జాతీయ సంపదగా ప్రకటించింది. హో చి మిన్ నగర లలితకళల మ్యూజియంలో ఉంది.

2019లో ఆ చిత్రం గురించే ఒక చేదు వార్త వచ్చింది. శుభ్రం చేసే పనిలో గిన్నెలు తోమే సబ్బునీళ్ళూ గరుకు కాగితమూ వాడడంతో దాని మెరుపు, లోతు దెబ్బతిన్నాయి. మరో చిత్రమైతే పైన పేరుకున్న మురికి పోయిందనుకోవచ్చు. ఇక్కడ ఆ పైపొరే చిత్రకారుడు చిట్టచివర తన అరచేత్తో ఆపిన చోటు. అది అరిగిపోయింది. దాన్ని మళ్ళీ వేయగలిగిన చెయ్యి 1993లోనే వెళ్ళిపోయింది.