ఈ రోజు ఉభయం ఎవరిది?

సాంబారు వడ్డించడం చూసేవాళ్లకు చిన్న పనే. బక్కెట్టు చేతికిచ్చి వరుసలోకి తోస్తే అప్పుడు తెలుస్తుంది. గరిటె పైపైన ముంచితే నీళ్లే వస్తాయి, ముక్కలన్నీ అడుగున కూర్చుని ఉంటాయి. మొదటి పంక్తికి నీళ్లు, చివరి పంక్తికి ముక్కలు పడితే ఊళ్లో మాట పడేది పాపం వంటమాస్టరు. కాబట్టి గరిటె అడుగుదాకా పోవాలి, ఒక చుట్టు తిరగాలి, అప్పుడు పైకి రావాలి. అన్నం పెట్టేవాడికీ సాంబారు పోసేవాడికీ మధ్య నాలుగైదు ఆకులకు మించి ఎడం ఉండకూడదు. అన్నం మనిషి హుషారెక్కి ముందుకు ఉరికాడో, కూర్చున్నవాళ్లంతా అన్నంలో గుంట చేసుకుని దిక్కులు చూస్తుంటారు. "చాలా?" అని అడిగేవాడికి వడ్డన రాదని మా వైపు లెక్క. "ఇంకొంచెం" అంటూ గరిటె వంచాల్సిందే. చాలనుకున్నవాళ్లు వాళ్లే చెయ్యి అడ్డం పెడతారు.

గుడి భోజనాల్లో నాకు ఈ పని నేర్పింది మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే ఒక పెద్దాయన. బక్కెట్టు పట్టుకున్న కుర్రాళ్లందరికీ ఆయన చెప్పేది ఒకటే: "మొగం చూసి పొయ్యొద్దప్పా, ఆకు చూసి పొయ్యి." దీనికి మించిన శిక్షణ తరగతి నేనింకా చూడలేదు.

ఈవెంట్ మేనేజ్‌మెంట్ అనే మాట పెళ్లిళ్ల పుణ్యమా అని మదనపల్లె, పుంగనూరు, కుప్పం దాకా వచ్చింది కానీ గుడి మెట్లెక్కలేదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర వేసవి మొదట్లో వస్తుంది. ఆమె జమీందారుల ఇంటి దేవత. తొలి పూజ ఆ కుటుంబానిది, తర్వాత అంతా ఊరిది. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి కూడా జనం దిగుతారు. క్యూ పక్కన తాడు పట్టుకుని నిలబడేవాడు, మజ్జిగ డ్రమ్ము దగ్గర గ్లాసులు కడిగి కడిగి చేతులు నానిపోయినవాడు, తప్పిపోయిన పిల్లాణ్ని మైకు పక్కన కూర్చోబెట్టుకుని చొక్కా రంగు చెప్పి వాళ్లమ్మను తెలుగులో, కన్నడంలో, వచ్చినంత తమిళంలో పిలిచేవాడు, వీళ్లలో ఎవరికీ జీతం లేదు. మే నెలలో కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర. అమ్మవారి శిరస్సు ఊరేగి వచ్చి విశ్వరూప దర్శనం ఇచ్చే రోజున ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తెచ్చినా, బందోబస్తు ఎంత ఉన్నా, ఎండలో నిలబడ్డ ముసలమ్మకు నీళ్ల ప్యాకెట్ అందించేది మాత్రం పక్కవీధి కుర్రాడే.

అయితే ఈ విద్య లోతు చూడాలంటే జాతర చాలదు, భారతానికి పోవాలి.

కోస్తా వాళ్లకు ఇది కాస్త చెప్పాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, దాన్ని ఆనుకుని ఉన్న తమిళ సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. అక్కడ ఎండాకాలంలో భారతం జరుగుతుంది, ఎక్కువగా 18 రోజులు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. మధ్యాహ్నం చెవులతో విన్న ఘట్టాన్నే రాత్రికి కళ్లతో చూస్తారు. బకాసుర వధ నాడు భీముడి వేషం వేసినాయన బండెక్కి వీధి వీధీ తిరుగుతాడు. ఇంటింటి నుంచీ అన్నం, పిండివంటలు, పళ్లు ఆ బండిలోకి చేరతాయి. కథలో అది రాక్షసుడికి పోయే కూడు. నాకు మాత్రం అది ఊరందరి దగ్గరా తలా ఒక ముద్ద వసూలు చేసే ఉపాయంగా కనిపిస్తుంది. చందా పుస్తకాన్ని చూసి తలుపేసుకునే ఘనుడు కూడా గదతో వాకిట్లోకి వచ్చిన భీముడికి లేదనలేడు.

అర్జున తపస్సుకు ఆకాశాన్నంటే మాను నాటుతారు. అర్జునుడు పద్యం పాడుకుంటూ మెట్టు మెట్టుగా ఎక్కి, కొననుంచి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిచీరలతో కింద సాష్టాంగపడి ఉంటారు. అందరి చూపూ పైకే. ఆ మానుకు గొయ్యి ఎంత లోతు తవ్వారో, రాళ్లు ఎట్లా బిగించారో అడిగేవాడుండడు. గొయ్యి తవ్వినవాళ్ల పని కంటబడిందంటే ఏదో జరగరానిది జరిగిందనే అర్థం. చివరి రోజు కోసం ట్రాక్టర్లతో మట్టి తోలి, వెల్లకిలా పడుకున్న దుర్యోధనుణ్ని నేలమీద చేస్తారు. భీముడు తొడ విరగ్గొట్టాక, ద్రౌపది జుట్టు ముడేశాక, జనం ఆ మట్టికోసం ఎగబడతారు. ఇంట్లో ఉంటే మంచిదని నమ్మకం. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్లు నిప్పుల గుండం తొక్కుతారు.

ఇన్ని రోజులు, ఇంత మంది, ఇన్ని పనులు. నడిపేది ఎవరు? దీనికి మా ఊళ్లు కనుక్కున్న సాధనం పేరు ఉభయం. కల్యాణం ఒకరి ఉభయం, రాజసూయం ఒక వీధివాళ్లది, రాయబారం ఫలానా వ్యాపారుల సంఘానిది, కర్ణవధ ఒక కుటుంబానిది. ఆ రోజు పూజ ఖర్చు, కళాకారుల భోజనం, వచ్చినవాళ్ల ఆకలి, లైట్లు, షామియానా, అన్నీ ఆ ఉభయదారులే చూసుకోవాలి. కమిటీ వీధుల్లో తిరిగి "ఎవరైనా రండి బాబూ" అని బతిమాలదు. ఈ రోజు ఎవరిదో ఊరికి ముందే తెలుసు. ఆ ఇంటివాళ్లకు అంతకంటే ముందే తెలుసు.

సేవ అనే విషయం మీద చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని నేనే ఇచ్చాను. మనసుంటే మార్గముంటుందని, యువత ముందుకు రావాలని. ఉభయం దగ్గర ఈ మాటలేవీ వినబడవు. అక్కడ సేవను మంచితనానికి వదిలేయరు, వంతుగా ఇస్తారు. వంతు వచ్చాక అది హక్కు అవుతుంది, హక్కు అయ్యాక మనిషి దాన్ని వదులుకోడు. బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం చేసే కుప్పం కుర్రాడు తల్లిదండ్రుల పెళ్లిరోజు మరిచిపోవచ్చు. వాళ్ల తాతనాటి ఉభయం రోజున మాత్రం సెలవు పెట్టి రైలెక్కుతాడు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు ఉభయం ఎవరికన్న దగ్గర పంచాయితీలు జరిగిన ఇళ్లు నాకు తెలుసు. ఖర్చు తప్ప ఆదాయం లేని దాని కోసం కొట్లాట! ఏ స్వచ్ఛంద సంస్థ మేనేజరైనా ఈ మాట వింటే ముక్కున వేలేసుకుంటాడు.

డబ్బే ఇవ్వాలని కూడా లేదు. చందా పుస్తకంలో బియ్యం మూట ఉంటుంది, కట్టెలుంటాయి, జనరేటరు ఒక రాత్రి ఉంటుంది. మదనపల్లె కాబట్టి టమోటా క్రేట్లుంటాయి. ధర పడిపోయి రైతులు కాయను రోడ్డుపక్క పారబోసే రోజుల్లో ఇది సులువే. 2023 జూలైలో మా మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడు, ఒక్క క్రేటు ఇస్తానన్నవాడు కర్ణుడే.

పాత గుడి పద్ధతి కదా, పాతకాలపు మనుషులకే సరిపోతుందంటారా? మదనపల్లెలోనే ఇంకో రకం ఉదాహరణ ఉంది. అనీబిసెంట్ 1915లో పెట్టిన థియోసాఫికల్ కాలేజీకి 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. కాలేజీలో వారం వారం అందరూ కూడి పాటలు పాడుకునే సాయంత్రం ఒకటి ఉండేది. అట్లాంటి ఒక సాయంత్రం ఠాగూర్ జనగణమన పాడితే విద్యార్థులు పల్లవి అందుకున్నారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. ఫిబ్రవరి 28 తేదీతో కవి తన చేత్తోనే ఇంగ్లీషు అనువాదం రాశారు. ఆ పాట జాతీయగీతం అయ్యింది 1950 జనవరి 24న. ఈ కథ మా ఊళ్లో అందరికీ కంఠతా వచ్చు, అందరం ఠాగూర్ గురించే చెప్పుకుంటాం. నాకు ఆసక్తి ఆ సాయంత్రం మీద. అది మహాకవి కోసం ఏర్పాటు చేసిన సభ కాదు. ఆయన వచ్చినా రాకున్నా ఆ వారం కుర్చీలు వేసేవాళ్లు, దీపాలు వెలిగించేవాళ్లు, పాడేవాళ్లు ఉండేవాళ్లు. అదే 1915లో మా ఊరి పక్కనే ఆరోగ్యవరంలో డాక్టర్ ఫ్రిమోట్-మొల్లర్ ఆధ్వర్యంలో మొదలైన క్షయ శానిటోరియం కూడా ఒక్క మిషన్ సొత్తు కాదు, పలు మిషన్లు కలిసి మోసినది. వాళ్లు ఆ మాట వాడలేదు కానీ మా లెక్కన అదీ ఉభయమే.

వంతు లేకుండా వచ్చిన సేవ ఎట్లా ఉంటుందో కుప్పం చూసింది. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల పథకం పెట్టింది. కంప్యూటర్లతో సమాచార కేంద్రాలు తెరిచారు. దేశ విదేశాల పత్రికలు రాశాయి. ఇప్పుడు ఆ పేరు చెబితే కుప్పంలో నడివయసు వాళ్లు కాసేపు ఆలోచిస్తారు. అందులో నాకు నచ్చినది ఒకటుంది. పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, చిన్న ప్రింటర్లు ఇచ్చారు. వాళ్లు ఊళ్లో శుభకార్యాలకూ సభలకూ ఫొటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. బయటినుంచి వచ్చిన వస్తువు ఊరి పండగను పట్టుకున్న చోట పనిచేసింది.

ఇంతసేపూ ఉభయాన్ని మెచ్చుకున్నాను కాబట్టి దాని రెండో ముఖం కూడా చెప్పాలి. వంతులు పంచినప్పుడు పనులు ఎట్లా పంచారు? పట్టువస్త్రాలు, పూజ, వడ్డన కొందరికి. తప్పెట కొట్టడం, గుండానికి కట్టెలు కొట్టడం, మర్నాడు ఆకులెత్తడం ఇంకొందరికి. మొదటి జాబితా పనులను సేవ అన్నాం, మైకులో పేరు చదివాం. రెండో జాబితాను కూలి అన్నాం, చేతిలో ఏదో పెట్టి పంపాం. రాత్రంతా తప్పెట మోగకుంటే జాతరే లేదు. అయినా ఆ కొట్టినవాడి పేరు ఏ ఫ్లెక్సీలోనూ నేను చూడలేదు. తెల్లవారుజామునే గుడి వెనక కత్తిపీటల ముందు కూర్చుని బస్తాల కొద్దీ ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ల సంగతీ అంతే. కరపత్రంలో ఉభయదారులుగా వాళ్ల మొగుళ్ల పేర్లుంటాయి. ఆకు చూసి పొయ్యమన్న నేతపెద్దాయన మాట పంక్తిలో పాటిస్తున్నాం. కరపత్రం అచ్చు వేయించేటప్పుడు మాత్రం మొగం చూసే వేయిస్తున్నాం.

కొత్తగా వచ్చిన ఫ్లెక్సీ జబ్బు దీన్ని ఇంకా ముదరబెట్టింది. చలివేంద్రం పెడితే కుండకంటే బోర్డు పెద్దది. రెండు వారాలకు కుండ ఎండిపోతుంది, బోర్డు మీద నవ్వు మాత్రం వానాకాలం దాకా ఉంటుంది. అట్లాగని కుర్రాళ్లను తిట్టే పెద్దల జట్టులో నేను లేను. రక్తం కావాలని వాట్సాప్‌లో మెసేజ్ పెడితే అర్ధరాత్రి బండేసుకుని ఆస్పత్రికి పోయేది ఆ సెల్ఫీ కుర్రాళ్లే. వాళ్లకు పని మీద విముఖత లేదు. పనికిమాలిన పని చెప్పి, పెత్తనం మాత్రం తమ దగ్గరే పెట్టుకునే కమిటీల మీద విముఖత ఉంది. మైకు ఎవరికిస్తారు, గల్లాపెట్టె తాళం ఎవరికిస్తారు అన్నదాన్ని బట్టే ఆ ఊరు కుర్రాళ్లను నమ్ముతుందో లేదో చెప్పేయొచ్చు.

ఈ ఏడు మా వైపు భారతానికి కరపత్రం ముసాయిదా రాస్తున్నప్పుడు నేను ఒక మాట అన్నాను. గిన్నెలు తోమేదానికి, ఆకులు ఎత్తేదానికి కూడా రోజుకొక ఇంటిని రాద్దాం, ఉభయం అనే రాద్దాం, కులం వీధి చూడకుండా చీటీ తీద్దాం, పేర్లు మైకులో కూడా చదువుదాం. ఆడవాళ్ల పేర్లు వాళ్ల పేర్లుగానే వేద్దాం. ఒకరిద్దరు నవ్వారు. ఒకాయన సంప్రదాయం అన్నాడు. ఉత్సవ పెద్ద మాత్రం కళ్లద్దాలు సర్దుకుని పెన్ను తీశాడు.

"బాగుండాది నాయనా, రాద్దాం. ముందు నీ పేరే రాస్తాండా. ఏ రోజు?"

"జనం తక్కువ ఉండే రోజేదైనా చూడు సామీ," అన్నాను.

ఆయన జాబితా మీద పైనుంచి కిందికి వేలు పోనిచ్చి, ఒక చోట ఆపి, గట్టిగా చదువుతూ రాశాడు: "బకాసుర వధ."